ఊరి కథల పుస్తకాలు: ముందు ఏది చదవాలి, ఎవరికి ఏది కొనాలి

"అమరావతి కథలు చదివేశాను, అలాంటిదే ఇంకొకటి చెప్పండి" అని అడిగేవాళ్ళు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒకరైనా ఉంటారు. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే వస్తుంది: మా పసలపూడి కథలు చదవండి. రెండూ ఊరి కథలే, రెండూ వారపత్రికలో వారం వారం వచ్చినవే, రెండింటికీ బాపు బొమ్మలే. అంతవరకు నిజమే. కానీ మొదటిది నచ్చినవాళ్ళకి రెండోది నచ్చాలని ఏమీ లేదు. మొదటిది పది కథల దగ్గర ఆపేసినవాళ్ళు రెండోదాన్ని నిద్ర మానుకుని చదవడమూ ఉంది.

ఈ మధ్య నేను ఊరి కథల పుస్తకాలన్నీ వరసపెట్టి చదివాను. కొన్ని ఎప్పుడో చదివినవే, మళ్ళీ తీశాను. అట్ట మీద ఊరి పేరు ఉన్నవి కొన్ని, పేరు లేకపోయినా ఊరు లేకపోతే కథే లేనివి కొన్ని. పక్కపక్కన పెట్టి చదివితే అర్థమైనది ఏమిటంటే, వీటిని ఒకే అరలో పెట్టడం పుస్తకాల షాపువాళ్ళ సౌకర్యం కోసమే. చదివేవాడికి ఒక్కొక్కటీ ఒక్కో పుస్తకం.

సలహా అడిగినవాళ్ళని నేను "మీది ఏ ఊరు" అని అడగను. అది మనకు అలవాటైన ప్రశ్నే గానీ పుస్తకం ఎంచుకోవడానికి పనికిరాదు. సొంత ప్రాంతం పుస్తకం చేతికొస్తే మనం కథ చదవడం మానేసి తప్పులు వెతకడం మొదలుపెడతాం. ఆ కాలవ అటువైపు కాదే, ఆ మాట మా పక్క అట్లా అనరే, ఆ ఇంటిపేరు వాళ్ళు ఆ వీధిలో లేరే అనుకుంటూ. తెలియని ఊరైతే ఆ గొడవ లేదు, రచయిత ఎటు తీసుకెళితే అటు వెళతాం.

నేను అడిగేవి రెండు. యాసని ఎంతవరకు తట్టుకోగలరు? ఊరిని చూసి మురిసిపోయే పుస్తకం కావాలా, ఊరితో పోట్లాడే పుస్తకం కావాలా? ఈ రెండో ప్రశ్నకి జవాబు తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే. ఊరి మీద రాసిన ప్రతివాడికీ ఊరంటే ఇష్టమే. ఆ ఇష్టంలో కోపం ఎంత కలిసిందన్న దగ్గరే పుస్తకాలు విడిపోతాయి. నా వరకు, కోపం కొంచెమైనా కలిసినవే ఎక్కువ కాలం గుర్తుంటున్నాయి. ఇది నా పక్షపాతం. ముందే చెబుతున్నాను కాబట్టి మిగతాది చదివేటప్పుడు ఆ మేరకు తగ్గించుకోండి.

అమరావతి, పసలపూడి

సత్యం శంకరమంచి రాసిన అమరావతి కథలు 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. 1979లో పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. తర్వాత శ్యామ్ బెనెగల్ వీటిని దూరదర్శన్ కోసం హిందీ సీరియల్‌గా తీశాడు. వంద కథలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు. పేర్లు చదివితేనే ధోరణి తెలిసిపోతుంది: సుడిగుండంలో ముక్కుపుడక, పుణుకుల బుట్టలో లచ్చితల్లి, అరేసిన చీర. పెద్ద సంఘటన ఉండదు. ఒక మనిషి, ఒక క్షణం, వెనకాల కృష్ణ, అమరేశ్వరుడి గుడి గంట. అంతలోనే అయిపోతుంది.

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలో చెప్పకుండా కొనమని చెప్పడం అన్యాయం. ఇవి వారానికి ఒకటి చదవడం కోసం రాసినవి. ఒక్కరోజు కూర్చుని ముప్పై కథలు చదివితే, ప్రతి కథ చివర గుండె బరువెక్కే ఆ చిన్న విరుపు ముందే తెలిసిపోతుంది. నది మళ్ళీ నిట్టూరుస్తుంది, గుడి మళ్ళీ సాక్షిగా నిలబడుతుంది, మనకు విసుగొస్తుంది. తప్పు కథది కాదు, చదివిన వేగానిది. రాత్రి పడుకునే ముందు ఒకటి, మర్నాడు ఇంకొకటి. అలా చదివితే ‘వరద’ లాంటి కథ ఎందుకు ఇన్నేళ్ళు నిలిచిందో తెలుస్తుంది. కృష్ణ పొంగి ఊరంతా మునిగినప్పుడు మనుషుల మధ్య గీసుకున్న గీతలు ఆకలి ముందు ఏమవుతాయో చెప్పే కథ అది. పుస్తకం ఆ కథతోనే మొదలవుతుంది కాబట్టి షాపులో నిలబడి అదొక్కటీ చదివి నిర్ణయించుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. అమరావతి అనగానే ఇప్పుడు రాజధాని గుర్తొస్తుంది. ఈ కథల్లోది గుడి, రేవు, పాత బజారు ఉన్న ఊరు. రాజధాని గురించి ఏదో ఉంటుందని కొని, తెరిచి చూసి నిరాశపడిన కుర్రవాళ్ళు నాకు తెలుసు.

భాష శుభ్రంగా ఉంటుంది. ఎక్కడివాళ్ళయినా తడుముకోకుండా చదవగలరు. కొన్నిచోట్ల వాక్యం పద్యంలా ఊగుతుంది. అది కొందరికి ప్రాణం, కొందరికి మరీ తీపి. ఊరి మీద శంకరమంచికి కోపం లేదనను. ఉంది, కానీ దాన్ని ఆయన జాలిగా మార్చేస్తాడు. దొంగ కూడా, పిసినారి కూడా చివరికి మన మనిషే అయిపోతాడు.

వంశీ పసలపూడి కథలు అలా కాదు. ‘సితార’, ‘లేడీస్ టైలర్’ తీసిన వంశీయే. ఈ కథలు స్వాతి వారపత్రికలో వచ్చాయి. చదువుతుంటే కెమెరా పట్టుకున్నవాడి కథ అని తెలిసిపోతుంది. పాత్ర లోపల ఏమనుకుంటోందో తక్కువ, ఎక్కడ నిలబడింది, ఏం తింటోంది, ఏ పంచె కట్టింది, ఏ బస్సు దిగింది అనేది ఎక్కువ. మనుషులు ఇంటిపేర్లతో సహా వస్తారు. రామచంద్రపురం, ద్రాక్షారామం, చుట్టుపక్కల పల్లెల పేర్లు జల్లులా పడతాయి. ఆకలితో ఉన్నప్పుడు ఈ పుస్తకం చదవకండి. తిండి గురించి ఇంత వివరంగా, ఇంత సిగ్గు లేకుండా రాసినవాళ్ళు తెలుగులో తక్కువ.

అమరావతి కథ ఒక క్షణం మీద నిలబడితే, పసలపూడి కథ ఒక జీవితం మొత్తాన్ని ఆరేడు పేజీల్లో లాక్కెళ్తుంది. పుట్టాడు, ప్రేమించాడు, చెడ్డాడు, పోయాడు. కాబట్టి కథ కావాలి, తర్వాత ఏమైందో తెలియాలి అనుకునేవాళ్ళకి ఇదే మేలు. ప్రేమలు, కోరికలు, లేచిపోవడాలు బాగానే ఉంటాయి. పదేళ్ళ పిల్లలకి చదివి వినిపించే పుస్తకం కాదు. ఆడపాత్రల దగ్గర నాకు కొంచెం ఇబ్బంది ఉంది. చాలామంది అందంగానే పరిచయమవుతారు, ఆ అందం వర్ణన అయ్యాక వాళ్ళకి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇరవై కథలు దాటాక ఈ పద్ధతి తెలిసిపోతుంది. అయినా మంచి కథలు మంచివే. రైల్లోకి, ఆసుపత్రిలో ఎదురుచూపులకి, పండక్కి ఊరెళ్ళే బస్సులోకి ఇంతకన్నా తోడు దొరకదు. నచ్చితే దాని తర్వాత వచ్చిన మా దిగువ గోదారి కథలు కూడా ఉన్నాయి.

రెండింట్లో ఒకటే కొనాలంటే, అరవై దాటినవాళ్ళకి, కవిత్వం ఇష్టపడేవాళ్ళకి, రోజుకో పేజీ చదివే ఓపిక ఉన్నవాళ్ళకి అమరావతి. సినిమాలు చూసి పుస్తకాల వైపు రాబోతున్నవాళ్ళకి పసలపూడి.

నామిని, ఖదీర్, ఇల్లేరమ్మ

ఇక్కడికి వచ్చేసరికి నాకు ఉత్సాహం పెరుగుతుంది. ఈ ముగ్గురివీ చిన్నతనం కథలే, ముగ్గురికీ నవ్వించడం వచ్చు. ఎవరు దేనికి నవ్వుతున్నారో చూస్తేనే తేడా.

నామిని సుబ్రమణ్యం నాయుడుది పాత చిత్తూరు జిల్లా, తిరుపతి పక్కల మిట్టూరు. పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కతలు, మిట్టూరోడి కతలు 1980లలో పత్రికల్లో వచ్చినప్పుడు జనం ఉలిక్కిపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఇంట్లో ఎలా మాట్లాడతారో పుస్తకంలోనూ అలాగే రాశాడు. పాత్రల మాటలు యాసలో, మిగతాది శిష్టంగా అనే రాజీ లేదు. కథ చెప్పే గొంతే యాస. చెనిక్కాయలు, సంగటి, మడకలు, అప్పులు, వాన రాక ఎండిపోయిన చేను, నోరు పెద్దది చేసుకుని తిట్టే అమ్మ, ఆ తిట్ల కిందే దాచిపెట్టుకున్న ప్రేమ.

కోస్తావాళ్ళు, తెలంగాణవాళ్ళు మొదటి నాలుగు పేజీల్లో తడబడతారు. ఒక చిట్కా చెబుతాను: కళ్ళతో చదవకండి, నోటితో చదవండి. గట్టిగా పైకి చదివితే ఆ వాక్యం ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో మన తెలుగు చెవికి దానంతటదే అందుతుంది. పదో పేజీకల్లా యాస అడ్డం తొలగిపోతుంది. అప్పటికీ తొలగకపోతే పుస్తకం పక్కన పెట్టేయండి, ఏడాది తర్వాత మళ్ళీ తీయండి. బలవంతాన చదవాల్సినంత పాపం ఎవరూ చేయలేదు.

ఎందుకు నేను దీన్ని అన్నిటికన్నా పైన పెడతానంటే, ఇందులో పేదరికం అలంకారం కాదు. పల్లె అంటే పచ్చదనం, అమాయకత్వం, అరుగుల మీద కబుర్లు అని పట్నంలో కూర్చుని రాసుకునే తియ్యటి పుస్తకాలు మనకు బోలెడున్నాయి. నామిని ఊళ్ళో ఆకలి ఉంటే ఆకలనే ఉంటుంది, అన్నదమ్ముల మధ్య కుళ్ళు ఉంటే కుళ్ళే ఉంటుంది. అయినా నవ్వు ఆగదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒక్క వాక్యం దగ్గర గొంతు పట్టేస్తుంది. ఆ వాక్యం వస్తోందని ముందు ఎక్కడా తెలియనివ్వడు. అమరావతి కథలకీ దీనికీ నాకు కనిపించే పెద్ద తేడా ఇదే. అక్కడ ఏడుపు వచ్చే చోటు దూరం నుంచే కనిపిస్తుంది.

మొదట పచ్చనాకు సాక్షిగా చదవండి. ఆ తర్వాత మా అమ్మ చెప్పిన కతలు. అది పిల్లలకి కూడా చదివి వినిపించవచ్చు, యాస మీకు పట్టుబడితే.

మహమ్మద్ ఖదీర్ బాబు దర్గామిట్ట కథలు నెల్లూరు యాసలో ఉంటాయి. రొట్టెల పండగ జరిగే బారా షహీద్ దర్గా ఉన్నది నెల్లూరు దర్గామిట్టలోనే. కథలు మాత్రం పండగ గురించి కావు. చాలీచాలని సంపాదనతో నడిచే ఒక ముస్లిం కుటుంబంలో పిల్లవాడు చూసిన లోకం: బడి, సినిమా, ఇరుగుపొరుగు, చేతిలో డబ్బు లేకపోయినా పండగ చేసుకోవాల్సిన తంటా. తెలుగు కథలో ముస్లింలు అప్పటిదాకా ఎక్కువగా పక్క పాత్రలుగానే వచ్చారు. ఇక్కడ వాళ్ళ వంటిల్లే కథ మధ్యలో ఉంది, అదీ తెలుగు మాట్లాడుతూ. ఈ పుస్తకం వచ్చినప్పుడు అంత చర్చ జరగడానికి అదొక కారణం. కానీ చర్చ కోసం దీన్ని చదవకండి, నవ్వు కోసం చదవండి. పిల్లవాడి గొంతు ఎక్కడా పెద్దవాడి తెలివితేటలతో పాడవదు. అది చాలా కష్టమైన పని. చిన్నతనం కథలు రాసేవాళ్ళలో ఎక్కువమంది మూడో పేజీకల్లా పిల్లవాడి నోట వేదాంతం చెప్పిస్తారు.

నామినితో పోలిస్తే యాస తేలిక. చిన్న చిన్న వాక్యాలు, వేగం ఎక్కువ. నామిని కథలో చేదు నాలుక చివర మిగులుతుంది, ఖదీర్ కథలో అది పైకి తేలకుండా కిందే ఉంటుంది. అసలు తెలుగు పుస్తకమే చదవని కుర్రవాడికి, ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కునే పిల్లకి మొదటి పుస్తకంగా నేను ఇచ్చేది ఇదే. ఇంతవరకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు, అది మెచ్చుకోలుగానే తీసుకుంటున్నాను. నచ్చితే పోలేరమ్మ బండ కథలు ఉన్నాయి.

సోమరాజు సుశీల ఇల్లేరమ్మ కతలు ఈ జాబితాలో ఎందుకని కొందరు అడుగుతారు, దాంట్లో అట్ట మీద ఊరే లేదు కదా అని. నిజమే. అక్కడ ఊరు కన్నా ఇల్లు ముఖ్యం. యాభయ్యో దశకపు మధ్యతరగతి ఇల్లు, అమ్మ, నాన్న, చెల్లెళ్ళు, బడి, ఇంటికి వచ్చిపోయే చుట్టాలు. చెప్పేది అన్నీ గమనించే, అన్నిట్లో వేలు పెట్టే ఆడపిల్ల. పైన చెప్పిన పుస్తకాలన్నీ మగపిల్లలు వీధిలో తిరిగి చూసిన లోకమైతే, ఇది ఆడపిల్ల గుమ్మం దగ్గర నిలబడి రెండు వైపులా చూసిన లోకం. అందుకే నాకు ఇది లేకుండా ఆ అర నిండదు. హాస్యం ఎక్కువ, చేదు తక్కువ. కోపం వెతికితే దొరుకుతుంది, కానీ ఆవిడ దాన్ని నవ్వు కింద బాగా మడిచిపెట్టింది. ఈ పుస్తకంలో నాకు అసంతృప్తి ఒకటే: ఆ ఇంటి గడప బయట ఉన్న ఊరు ఎలా బతుకుతోందో మనకు దాదాపు కనిపించదు. అది కావాలనుకుంటే నామిని దగ్గరికే రావాలి.

అమ్మకి, అత్తయ్యకి, పిన్నికి కొనాలంటే కళ్ళు మూసుకుని ఇల్లేరమ్మ. ఇద్దరు ఆడవాళ్ళు ఉన్న ఇంటికి ఒక కాపీ సరిపోదని మాత్రం హెచ్చరిస్తున్నాను. అదే రచయిత్రి చిన్న పరిశ్రమలు పెద్ద కథలు అని ఇంకో పుస్తకం రాసింది. సొంతంగా చిన్న ఫ్యాక్టరీ, షాపు, వ్యాపారం నడిపేవాళ్ళకి ఇల్లేరమ్మ కన్నా అదే ఎక్కువ దగ్గరవుతుంది.

అలమండ రాజుగార్లు

ఊరితో పోట్లాడే పుస్తకం కావాలి, జ్ఞాపకాల తడి అక్కర్లేదు అనేవాళ్ళకి కె.ఎన్.వై. పతంజలి. ఆయనవి కథల సంపుటాలు కావు, వీరబొబ్బిలి, గోపాత్రుడు, పిలక తిరుగుడు పువ్వు అనే చిన్న నవలలు. అయినా ఈ లెక్కలో కలపకుండా ఉండలేను. విజయనగరం జిల్లా అలమండ ఆయన సొంత ఊరు. వీరబొబ్బిలి అనేది దివాణంలో కుక్క. ఆ కుక్క ఆలోచనలు, దాని దర్పం, దాని అవమానాలు చదువుతుంటే చితికిపోయిన జమీందారీ పరువు ఏమిటో ఏ చరిత్ర పుస్తకమూ చెప్పనంతగా తెలుస్తుంది. గోపాత్రుడులో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని అలమండలో తగువు పుడుతుంది. ఆ తగువు ఊరిని చీల్చి, పిలక తిరుగుడు పువ్వులో కోర్టు దాకా వెళ్తుంది. ఇంతకంటే కథ చెప్పను.

యాస ఉత్తరాంధ్రది, అందులోనూ రాజుగార్లది. నామినికన్నా తేలికగానే పట్టుబడుతుంది, ఎందుకంటే పాత్రలు ఎప్పుడూ గొడవపడుతుంటాయి, గొడవలో అర్థం కాని మాట ఉండదు. వెటకారం ఇష్టం లేనివాళ్ళకి మాత్రం ఇవ్వకండి. పతంజలి ఎవరినీ వదలడు, పాఠకుడితో సహా. మనసు బాగోలేనప్పుడు ఓదార్పు కోసం చదివే పుస్తకం కాదు, మనసు బాగోలేనప్పుడు నవ్వడం కోసం చదివే పుస్తకం. ఆ రెండూ ఒకటి కావు.

చార్మినార్, నల్లగొండ

ఊరి కథలంటే కృష్ణ, గోదావరి ఒడ్లే అనుకునేవాళ్ళు నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు తప్పకుండా చదవాలి. ఇంటిపేరు చూసి నెల్లూరు మనిషి అనుకోకండి, ఆయనది హైదరాబాదు. నిజాం పాలన చివరి రోజులు, 1948 సెప్టెంబరు పోలీసు చర్య, పాతబస్తీ నవాబుల ఇళ్ళు, ఆ ఇళ్ళ లోపలి ఆడవాళ్ళు, హిందూ ముస్లిం స్నేహాలు, ఆ స్నేహాలు తెగిన తీరు. ‘యుగాంతం’ అన్న పెద్ద కథ ఒక్కటి చదివినా చాలు. ఒక పాలన కూలిపోతున్నప్పుడు గెలిచినవాళ్ళ ఉత్సాహమూ ఓడినవాళ్ళ భయమూ ఒకే వీధిలో ఎలా ఉంటాయో అందులో కనిపిస్తుంది. యాస ఇబ్బంది లేదు. ఉర్దూ మాటలు ఉంటాయి, అవి హైదరాబాదులో నాలుగు రోజులు ఉన్నవాళ్ళకైనా తెలిసినవే.

నవ్వు మాత్రం ఆశించకండి. ఇది ఈ పుస్తకాలన్నిట్లో గంభీరమైనది. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి, రాజకీయాలు మాట్లాడుకునే ఇంటికి బాగుంటుంది. అమరావతి కథలకి వచ్చినంత పేరు దీనికి రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బాపు బొమ్మలు, టీవీ సీరియల్ లాంటి అదృష్టాలు దీనికి పట్టలేదు, అంతే.

కొత్తవాళ్ళలో మల్లికార్జున్ రాసిన నల్లగొండ కథలు చూడండి. ఇది మరీ పాతకాలం పల్లె కాదు, ఈ తరం పిల్లలు పెరిగిన ఊరు. ముప్పై, నలభై మధ్య వయసు వాళ్ళకి తమ చిన్నతనం పుస్తకంలో కనిపించడం ఎలా ఉంటుందో తెలియాలంటే ఇదే దారి. పైన చెప్పిన పెద్దవాళ్ళ పక్కన పెట్టి బరువు తూచడం ఇంకా తొందర. సులువుగా చదివిస్తుంది, అది చాలు.

ఎవరికి ఏది

బహుమతిగా ఇవ్వాలంటే, అవతలివాళ్ళ అభిరుచి మీకు తెలియకపోతే అమరావతి కథలే. అది ఎవరినీ నొప్పించదు. బాపు బొమ్మలతో టీపాయ్ మీద కూడా అందంగా ఉంటుంది. గృహప్రవేశాలకి వెండి కుంకుమభరిణ బదులు ఇచ్చి చూడండి. అభిరుచి తెలిసిన స్నేహితుడికైతే అమరావతి ఇవ్వకండి, వాళ్ళింట్లో ఇప్పటికే రెండు కాపీలు ఉంటాయి. పతంజలి ఇవ్వండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలకి తెలుగు పుస్తకం పంపాలని తాతయ్యలు, అమ్మమ్మలు అడుగుతుంటారు. నిజం చెప్పాలంటే ఆ పిల్లలు ఏదీ తమంతట తాము చదవలేరు. పెద్దవాళ్ళు చదివి వినిపించాలి. అలాంటప్పుడు పొట్టిగా ఉండి, నవ్వు ఉండి, పిల్లలే పాత్రలుగా ఉన్నవి కావాలి. ఇల్లేరమ్మ మొదలు, దర్గామిట్ట తర్వాత. అమరావతి కథలు వీడియో కాల్‌లో చదివితే తాతయ్య కళ్ళు చెమరుస్తాయి, మనవడు మ్యూట్ చేస్తాడు.

చదవడం మానేసి చాలా ఏళ్ళయింది, ఫోన్ తప్ప చేతిలో ఏమీ ఆగడం లేదు అనేవాళ్ళకి పసలపూడి. అందులో కథ మిమ్మల్ని పట్టుకుంటుంది, మీరు కథని పట్టుకోవాల్సిన పని లేదు. అలవాటు తిరిగి వచ్చాక నామిని దగ్గరికి వెళ్ళండి. ఆ వరస తిరగేస్తే, అంటే నామిని చదివాక పసలపూడి తీస్తే, పసలపూడి కొంచెం పలచగా అనిపించే ప్రమాదం ఉంది. తియ్యటి కాఫీ తాగాక పండు తిన్నట్టు. వంశీకి అది అన్యాయం.

సొంతంగా కథలు రాయాలనుకునేవాళ్ళు మాత్రం ఈ మాటలన్నీ పక్కన పెట్టి పచ్చనాకు సాక్షిగా, చార్మినార్ కథలు పక్కపక్కన చదవాలి. ఒకటి గొంతు ఎలా పట్టాలో నేర్పుతుంది, ఇంకొకటి గొంతు పెంచకుండా ఎంత పెద్ద సంగతైనా ఎలా చెప్పవచ్చో నేర్పుతుంది. నామినిని చదివి వెంటనే యాసలో రాయడం మొదలుపెట్టకండి. ఆయన యాస ఆయన అమ్మ నోటిది. మీది వేరే ఉంటుంది, ముందు అది వినాలి.

కొనేటప్పుడు

వీటిలో పాత పుస్తకాలు ఒక్కొక్కసారి ఏడాదిపాటు దొరకవు, ఒక్కొక్కసారి రెండు ముద్రణలు ఒకేసారి షాపులో ఉంటాయి. అమరావతి, పసలపూడి కొనేటప్పుడు బొమ్మలు ఉన్న ముద్రణే తీసుకోండి. పెద్దవాళ్ళకైతే లోపల అక్షరం సైజు చూడకుండా ఆన్‌లైన్‌లో కొనవద్దు. లావు పుస్తకం ఖర్చు తగ్గించాలని సన్న అక్షరాల్లో వేస్తే అరవై ఏళ్ళ కళ్ళు పదో పేజీ దగ్గరే ఆగిపోతాయి. కొన్ని కథలు ఆడియోగా కూడా దొరుకుతాయి. యాస ఉన్న పుస్తకాలకి ఆడియో మంచి మార్గమే, చదివేవాళ్ళు ఆ ప్రాంతం వాళ్ళయితే. కాకపోతే పుస్తకమే నయం.

హైదరాబాదులో కాచిగూడ నవోదయలో అడిగితే లేని పుస్తకం గురించి కూడా ఏదో ఒక సమాచారం దొరుకుతుంది. డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిగేటప్పుడు పాత పుస్తకాల స్టాళ్ళు తప్పకుండా తిరగండి, కేశవస్వామి లాంటివాళ్ళు అక్కడే తగులుతారు. పతంజలి రచనలు విడివిడిగానూ ఉన్నాయి, సంపుటాలుగానూ వచ్చాయి. సంపుటం దొరికితే విషయసూచికలో వీరబొబ్బిలి, గోపాత్రుడు, పిలక తిరుగుడు పువ్వు మూడూ ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి. మూడింట్లో ఒకటే చేతికి దొరికితే గోపాత్రుడు ముందు.